పునీతుడు తుమ్మాడు

సెప్టెంబర్ 2, 1552

ఉన్ని వ్యాపారి తొలొమెయో వెర్దుచ్చీ తన బొమ్మ వేయమని కబురు పెట్టాడు. మా ఊరు మోంతెక్యారోలో ఉన్నది ఇద్దరం చిత్రకారులం. నేనూ, జనెత్తో. జనెత్తో ఎవరి బొమ్మ వేసినా అది వాళ్ళ మేనమామలా ఉంటుంది. కాబట్టి నన్ను పిలవడంలో వింతేమీ లేదు. నేనేమీ పొంగిపోలేదు. మెట్లు దిగుతూ జారిపడ్డాను గానీ, అది సంతోషంతో కాదు. మెట్లు తడిగా ఉన్నాయి.

తొలొమెయో చెల్లెలు ఫౌస్తీనా గారు తలుపు తీసింది. భర్త పోయాక ఆయన మందుల కొట్టు తనే నడుపుతోంది. అన్నగారి ఇంటి కిందే కొట్టు. మందులతోపాటు రంగులూ, రంగు మన్నూ అమ్ముతుంది. నేను రంగులు అక్కడే కొంటాను. దగ్గర కాబట్టి. మా వీధిలో ఇంకో కొట్టుంది, అది ఇంకా దగ్గర. కానీ అక్కడ తలుపు చప్పుడు చేస్తుంది. నాకు పడదు.

సెప్టెంబర్ 3

ఆకుపచ్చ మన్ను కొన్నాను.

సెప్టెంబర్ 4

ఆకుపచ్చ మన్ను అయిపోతుందేమోనని కొన్నాను.

సెప్టెంబర్ 6

మొదటిసారి తొలొమెయోను నిలబెట్టి చూశాను. మనిషి గుండ్రంగా ఉంటాడు. ముఖం గుండ్రం, పొట్ట గుండ్రం, కోపం కూడా గుండ్రంగానే వస్తుంది, ఎక్కడా గుచ్చుకోదు.

"పక్కన ఉన్ని మూట పెట్టి వేద్దామా అయ్యా? మీ హోదా తెలుస్తుంది," అన్నాను.

"మూట ఎందుకు మేస్త్రీ? గిడ్డంగి నిండా మూటలే. నాకు కవచం కావాలి. ఇనప కవచం వేసుకుని, కత్తి మీద చెయ్యి పెట్టుకుని, దూరంగా శత్రువును చూస్తున్నట్టు వెయ్యి."

"తమరు ఏ యుద్ధానికి వెళ్ళారు?"

"వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు సగంమంది తిరిగి రాలేదుగా? వాళ్ళు బొమ్మలు వేయించుకోలేరు. ఎవరో ఒకరు వేయించుకోవాలి కదా."

లెక్కల పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండానే ఫౌస్తీనా గారు, "మొన్న ఎలుకను చూసి బల్ల ఎక్కావు అన్నయ్యా," అంది.

"అది పెద్దది!"

"ఎలుక పిల్లేమో అనుకున్నాను."

నేను నవ్వలేదు. దగ్గాను. దగ్గితే కుంచె ఊగి బొమ్మలో తొలొమెయో చెవి మీద గీత పడింది. రేపు దిద్దుతాను.

సెప్టెంబర్ 10

కవచం దొరికింది.

ఊళ్ళో కవచం ఉన్నది ఒక్కరికే, పునీత మౌరిత్సియో గారికి. అంటే గుడిలోని ఆయన చెక్క విగ్రహానికి. ఆయన సైనికుడు, మన ఊరి కాపలా. ఈ నెల ఇరవై రెండున ఆయన పండుగ. ఊరేగింపుకు ముందు విగ్రహాన్ని కిందికి దించి, కవచం విప్పి, దుమ్ము దులుపుతారు. సరిగ్గా ఈ సమయం చూసి తొలొమెయో గుడి గురువు డోన్ గౌదెంజియో దగ్గరికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. గుడికి కొత్త గంట వస్తుందని మాత్రం ఇవాళ అంతా అనుకుంటున్నారు.

"ఒక్క పూట," అన్నారట గురువుగారు. "మధ్యాహ్నం ఇస్తాను, సాయంత్రం ప్రార్థనకల్లా తెచ్చెయ్యాలి."

సెప్టెంబర్ 12

ఇవాళ చాలా బాగా పని జరిగింది. ముందు అది రాస్తాను.

ముఖం అద్భుతంగా వచ్చింది. కనుబొమల దగ్గర ఒక వీరత్వం పెట్టాను. అది ఆయనది కాదు, నా సొంతం.

పునీతుడు సన్నటి మనిషి. తొలొమెయో కాదు. కవచం ముందు పలకను నేనూ, వెనక పలకను గురువుగారూ పట్టుకుని, తొలొమెయోను గోడకు ఆనించి నొక్కి, కొక్కేలు బిగించాం. "ఊపిరి బిగపట్టండి," అన్నాను. బిగపట్టాడు. కొక్కేలు పడ్డాయి. ఊపిరి వదలడానికి లోపల చోటు లేక చిన్నచిన్న ముక్కలుగా వదిలాడు.

మధ్యలో భోజనం వచ్చింది. చిరుధాన్యపు సంకటి, మేక జున్ను, కుందేలు కూర. ఆయన నిలబడే తిన్నాడు. నేను వద్దనే అన్నాను. మెల్లగా అన్నాను.

సాయంత్రం కొక్కేలు రాలేదు. లాగాం. ఒకటి వంగిపోయింది. గుడి గంట కొట్టారు. గురువుగారు చేతులు నలుపుకోవడం మొదలుపెట్టారు.

"నూనె! నూనె పోస్తే జారిపోతుంది!" అని నేనే అన్నాను. అందరికంటే ముందు నాకే తట్టింది. పరుగున ఇంటికి వెళ్ళి, అర మీది కూజా అందుకుని, పరుగున వచ్చి, మెడ దగ్గర నుంచి మొత్తం పోసేశాను.

జారలేదు. రేపటికి నానుతుందిలే అన్నాను. తొలొమెయోను చీపురులా గోడకు ఆనించి వచ్చాను.

సెప్టెంబర్ 13

నానలేదు.

నూనె గురించి ఆలోచించాను. నూనె నూనే.

సెప్టెంబర్ 14

ఒక వింత. మా ఇంట్లో అర మీద ఆలివ్ నూనె కూజా కదలకుండా ఉంది. దాని మీద దుమ్ము కూడా చెదరలేదు.

దాని పక్కన ఉండాల్సిన రెండో కూజా కనబడటం లేదు. అందులో ఉన్నది అవిసె నూనె. రంగుల్లో కలిపితే బొమ్మ మర్నాటికి రాయిలా గట్టిపడాలని, సీసపు పొడి వేసి నేనే కాచి పెట్టుకున్నాను.

ఎవరో ఎత్తుకుపోయి ఉంటారు. ఊళ్ళో దొంగలు ఎక్కువయ్యారు.

సెప్టెంబర్ 15

తొలొమెయోను వేలితో తట్టి చూశాను. గట్టిపడింది. కొక్కేలు, తోలు పట్టీలు, లోపలి చొక్కా, అన్నీ ఒకే వస్తువు అయిపోయాయి. ఆయన అటూ ఇటూ తిరిగితే బల్ల తిరిగినట్టు ఉంది.

"ఏం నూనె పోశావు మేస్త్రీ?" అన్నాడు.

"మంచి నూనె," అన్నాను.

అది అబద్ధం కాదు. నా దగ్గరున్న నూనెల్లో అదే మంచిది.

నడుము కింద కవచం లేదు, దేవుడి దయ. కూర్చోలేడు. పడుకోలేడు. వంగి చెంచా అందుకోలేడు. ఫౌస్తీనా గారు తినిపిస్తోంది. ప్రతి ముద్దకూ ఒక మాట కలిపి తినిపిస్తోంది.

"ఇదిగో సేనాపతీ, నోరు తెరువు. శత్రువు వస్తున్నాడు."

పాపం ఆయన తెరుస్తున్నాడు.

సెప్టెంబర్ 17

కమ్మరిని పిలిచి కోయిద్దామన్నాను. గురువుగారు గుండె పట్టుకుని కూర్చున్నారు.

"పునీతుడి కవచం కోస్తారా? మా తాతల కాలం నుంచి ఉన్న కవచం! పండుగనాడు ఆయన్ను చొక్కాతో ఊరేగించమంటారా? నన్ను ఈ ఊరివాళ్ళు బతకనిస్తారా?"

"నన్ను బతకనివ్వక్కర్లేదా?" అన్నాడు తొలొమెయో గోడ దగ్గర నుంచి.

"నువ్వు ఒక్కడివి. వాళ్ళు ఊరంతా."

సెప్టెంబర్ 18

ఆకుపచ్చ మన్ను కొన్నాను. ఫౌస్తీనా గారు పొట్లం కడుతూ నా ముఖంలోకి చూసింది.

"మేస్త్రీ, మీకేమైనా చెప్పాలని ఉందా?"

"లేదండీ."

"దేని గురించైనా?"

"వర్షం పడేలా ఉంది," అన్నాను.

బయట ఎండ మండిపోతోంది. ద్రాక్ష కోతలవాళ్ళు పాటలు పాడుకుంటూ వెళ్తున్నారు.

సెప్టెంబర్ 20

గురువుగారు తొలొమెయో ఇంటికి వచ్చి తలుపు గడియ వేశారు. వారం నుంచి నిద్ర లేదట, ముఖం అలాగే ఉంది.

"ఒక ఉపాయం వచ్చింది. కవచం విగ్రహం దగ్గరికి వెళ్ళలేకపోతే..." అని ఆగి తొలొమెయో వైపు చూశారు.

"వెళ్ళలేకపోతే?" అన్నాడు తొలొమెయో.

"విగ్రహమే కవచం దగ్గర ఉంటే?"

మాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక తొలొమెయో పారిపోబోయాడు. వంగలేడు కాబట్టి తలుపు కింది గడియ తీయలేకపోయాడు.

"చెక్క మనిషిలా నిలబడితే చాలు నాయనా! పల్లకీ మీద, ఒక్క గంట! శిరస్త్రాణం ఉంటుంది, మెడ కనబడదు. కాళ్ళకు ఆయన జోళ్ళు వేస్తాం. ఇక ముఖం ఒక్కటే." అని నా వైపు తిరిగారు. "ముఖం మేస్త్రీ చూసుకుంటాడు."

ఇన్నేళ్ళుగా మనుషుల్ని చెక్క పలక మీద వేస్తున్నాను. మనిషినే చెక్కగా వేయమని ఎవరూ అడగలేదు.

కుదరదు అందామనుకున్నాను. "చెంపల మీద రంగు కాస్త పాతబడినట్టు ఉండాలి," అన్నాను.

సెప్టెంబర్ 22

వరసగా రాస్తాను.

పొద్దున్నే గుడి వెనక గదిలో తొలొమెయో ముఖానికి రంగు వేశాను. గుడ్డు పచ్చసొనలో కలిపిన రంగు. ముక్కు పక్కన చెక్క చీలినట్టు సన్నటి గీత. గడ్డం కింద పురుగు తిన్నట్టు రెండు చుక్కలు. పెదవి చివర పాత రంగు పెచ్చు లేచినట్టు. వేసి, వెనక్కి జరిగి చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా జీవితంలో ఇంత గొప్ప పని చేయలేదు. డోన్ గౌదెంజియో తెలియకుండానే ఆయనకు శిలువ గుర్తు వేసుకున్నారు.

"తొందరగా కానివ్వండి, ముక్కు దురద," అంది విగ్రహం.

అసలు విగ్రహాన్ని దుప్పట్లో చుట్టి అలమారలో పెట్టాం.

పల్లకీ మోసేవాళ్ళు ఎత్తగానే కుయ్యోమన్నారు. "ఈ ఏడు స్వామి బరువెక్కాడేంటి?" అన్నాడొకడు. "భక్తి పెరిగింది," అన్నారు గురువుగారు.

ఊరంతా దారి పొడుగునా నిలబడింది. ఏం మెచ్చుకున్నారు! "ఏం కళ! ప్రాణం ఉన్నట్టుంది! ఎవరు రంగు వేశారో గానీ చేతులు కడిగి పూజించాలి!" నా ముందే. నా చెవుల ముందే. నేను టోపీ సరిచేసుకుంటూ ఆకాశం చూశాను. అప్పుడు నా పక్కన నిలబడ్డ జనెత్తో వైపు తిరిగి ఎవరో, "మీరేనా?" అని అడిగారు. జనెత్తో అవునని అనలేదు. కాదనీ అనలేదు. తల కొంచెం వంచి, కళ్ళు సగం మూసుకున్నాడు. వాడి బొమ్మల్లో ఎవరికీ అంత హావభావం ఉండదు.

కూడలిలో పల్లకీ ఆపారు. గురువుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అంతా నిశ్శబ్దం. అప్పుడు ఈగ వచ్చింది. గుడ్డు వాసనకు వచ్చింది. ముందు చెంప మీద వాలింది. చెంప మీద నుంచి పెదవి, పెదవి మీద నుంచి ముక్కు. తొలొమెయో కళ్ళలో నీళ్ళు ఊరడం నాకు కనిపించింది. "అదిగో, స్వామి ఏడుస్తున్నాడు," అని ఎవరో గుసగుసలాడారు. ఈగ ముక్కు రంధ్రంలోకి తొంగిచూసింది.

పునీతుడు తుమ్మాడు.

గోడలు మోగిన తుమ్ము. పావురాలు లేచిపోయాయి. ముందు వరసలో ఉన్న ముసలి బెనెదెత్తా అలవాటు కొద్దీ, "నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా!" అంది. ఆ తర్వాత ఎవరిని అన్నదో చూసుకుని, అక్కడే పడిపోయింది.

"మహిమ!" అని మొదట అరిచింది ఎవరో తెలియదు. తర్వాత అందరూ అరిచారు. రుమాళ్ళు విసిరారు. ఒకడు కుంటికాలుతో గంతులు వేశాడు, ఆ కాలు నిన్న కూడా బాగానే ఉంది. గురువుగారు ప్రార్థన మధ్యలో ఆపి, "గుడికి! గుడికి!" అని పల్లకీని తోలుకుపోయారు.

సెప్టెంబర్ 23

బిషప్ గారి దూత రేపు నగరం నుంచి వస్తున్నాడట, తుమ్మిన విగ్రహాన్ని పరీక్షించడానికి.

గుడి తలుపులన్నీ మూసేశాం. వెనక గదిలో తొలొమెయో గోడకు ఆని ఏడుస్తున్నాడు. ఏడ్చినచోటల్లా నా రంగు చారలు కట్టింది. చూడలేకపోయాను. రంగు గురించే బాధపడ్డానో ఆయన గురించో చెప్పలేను.

"రేపు వాళ్ళు నన్ను గుచ్చి చూస్తారు," అన్నాడు. "నేను అరుస్తాను. దైవద్రోహం అని జైల్లో వేస్తారు. ముసలితనం దాకా ఈ కవచంలోనే ఉంటాను. మేస్త్రీ, నా బొమ్మ ఏం చేశావు?"

"దాచాను అయ్యా."

"తగలబెట్టెయ్యి."

అప్పుడు ఫౌస్తీనా గారు చారు గిన్నెతో వచ్చింది. అన్నకు తినిపిస్తూ మెడ దగ్గరకు వంగింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. కవచం అంచున గోరుతో గీరి, ఆ పొడి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. లేచి నా చెయ్యి పట్టుకుని గది బయటకు లాక్కొచ్చింది.

"ఇది ఆలివ్ నూనె కాదు."

నేను గోడ చూశాను.

"ఇది మీరు ఆగస్టులో నా కొట్టులో కొన్న అవిసె నూనె. సీసం కూడా నా దగ్గరే కొన్నారు."

"దొంగలు..." అన్నాను.

"మేస్త్రీ."

"అవును," అన్నాను. "కంగారులో కూజా మారింది. రెండో రోజే తెలిసింది. అప్పుడే చెబుదామనుకున్నాను."

"ఎండిన అవిసె నూనె దేనికి కరుగుతుందో మీకు తెలియదా?"

తెలుసు. వేడి బూడిద నీళ్ళకు. పాత కుంచెలు నేను అలాగే కడుగుతాను. వారం నుంచి తెలుసు. కానీ బూడిద నీళ్ళు అంటే, ఎందుకు అని అడుగుతారు. ఎందుకో చెబితే నూనె సంగతి బయటపడుతుంది. నూనె సంగతి బయటపడితే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వరు. గడప అంటే తొలొమెయో గడప కాదు. కింద కొట్టు గడప.

ఇదంతా ఆవిడతో అన్నానా, మనసులో అనుకున్నానా గుర్తులేదు.

"మూడేళ్ళ నుంచి ఆకుపచ్చ మన్ను కొంటున్నారు," అంది. "మీరు వేసిన బొమ్మల్లో ఆకుపచ్చ ముఖం ఒక్కటీ లేదు. అంత మన్ను ఏం చేస్తున్నారు?"

"మంచం కింద ఉంది."

"వెళ్ళి పొయ్యి రాజెయ్యండి," అంది.

బట్టలుతికే బూడిద నీళ్ళు పెద్ద కాగులో కాచాం. నేను మోశాను, ఆవిడ పోసింది. తొలొమెయో పునీతులందరి పేర్లూ పిలిచాడు. కొన్ని పేర్లు పునీతులవి కావు. తోలు మెత్తబడింది, కొక్కేలు కదిలాయి. చివరి లాగుడుకు ఆయన కవచంలోంచి బఠాణీలా ఊడి నేల మీద పడ్డాడు. చొక్కా కవచంలోనే ఉండిపోయింది.

నేల మీద పడుకునే, "అసలు ఎందుకలా అతుక్కుంది?" అన్నాడు.

నేను నోరు తెరిచాను.

"పునీతుడు నిన్ను వదల్లేకపోయాడు అన్నయ్యా," అంది ఫౌస్తీనా గారు. "ఉపాయం చెప్పింది మేస్త్రీగారే."

నేను నోరు మూశాను.

సెప్టెంబర్ 24

బిషప్ గారి దూత సన్నగా, పొడుగ్గా, జలుబుతో వచ్చాడు. అసలు విగ్రహం కవచం తొడుక్కుని దాని చోట నిలబడి ఉంది. గుడి కిక్కిరిసింది.

ఆయన విగ్రహాన్ని తట్టాడు. చెక్క. గుచ్చాడు. చెక్క. జేబులోంచి మిరియాల పొడి తీసి దాని ముక్కు దగ్గర ఊదాడు. పునీతుడు ఊరుకున్నాడు. దూత పదిసార్లు తుమ్మాడు.

కళ్ళు తుడుచుకుని, "ఎండ ఎక్కువ, జనం ఎక్కువ, కొత్త ద్రాక్షారసం ఎక్కువ," అని తేల్చి గాడిద ఎక్కి వెళ్ళిపోయాడు.

ఊరికి అదేం పట్టలేదు. బెనెదెత్తా విగ్రహం పాదాలు నిమురుతూ, "అయ్యో తండ్రీ, ఒక్క తుమ్ముకే ఎంత చిక్కిపోయావు!" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

ముఖం మాత్రం మొన్నటిలా లేదని అందరూ అన్నారు. మొన్న బాగుందట. జనెత్తోకు రెండు బొమ్మల పని వచ్చిందట.

సెప్టెంబర్ 26

తొలొమెయో పిలిపించాడు. వదులు అంగీ వేసుకుని, కుర్చీలో అడ్డంగా కూర్చుని, కూర్చోవడాన్ని ఆనందిస్తున్నాడు. "నా బొమ్మ ఇలా కుర్చీలో వెయ్యి, కావలసినంత లావుగా వెయ్యి," అన్నాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నన్ను బతికించావు మేస్త్రీ. ఏం కావాలో అడుగు. మొహమాటపడకు. ఈ ఇంట్లో ఉన్నది ఏదైనా."

ఫౌస్తీనా గారు కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో గిన్నె తుడుస్తోంది. తుడవడం ఆపింది.

ఇంతకంటే మంచి సమయం మనిషికి జన్మలో రాదని నాకు తెలుసు. ఆవిడ వైపు వేలు చూపించాను. అదే సమయానికి కిటికీ అవతల పెరట్లో ఏదో అరిచింది.

"బాతు," అన్నాను.

"బాతా?" అన్నాడు తొలొమెయో.

"బాతు," అన్నాను మళ్ళీ. ఎందుకో తెలియదు.

సెప్టెంబర్ 27

బాతు వచ్చింది. మంచి బాతు. కరిచింది.

సెప్టెంబర్ 28

రంగులు కొనడానికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదు. ఒంట్లో బాగానే ఉంది.

సెప్టెంబర్ 29

పొద్దున ఫౌస్తీనా గారే మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడింది.

"మా అన్నయ్య ఇంట్లో ఉన్నది ఏదైనా అడగమన్నాడు."

"అన్నారండీ."

"మీరు నా వైపు వేలు చూపించారు."

"చూపించానండీ."

"చూపించి?"

బాతు లోపలి నుంచి అరిచింది. నేను జవాబు చెప్పే అవసరం లేకపోయింది.

ఆవిడ శాలువా సర్దుకుని, "రండి," అని నడిచింది. వెనకాల నేను. వెర్దుచ్చీ ఇంటికి వెళ్ళాక నన్ను మెట్ల కింద నిలబెట్టి తను పైకి వెళ్ళింది. మాటలు వినిపించలేదు. తర్వాత తొలొమెయో గొంతు వినిపించింది.

"ఎవరూ? మేస్త్రీయా? అతనికి బాతు చాలన్నాడే!"

తర్వాత నవ్వు. చాలాసేపు నవ్వు, కుర్చీ కిర్రుమంటున్న చప్పుడు. ఆవిడ దిగి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు ఏ పొడి కలిపితే వస్తుందో నాకు తట్టలేదు. మొదటిసారి, తట్టకపోయినా ఫర్వాలేదనిపించింది.

"అన్నయ్య సరేనన్నాడు," అంది.

"అయితే సరే," అన్నాను.

"ఏం సరే? అన్నయ్యను నేను అడిగాను. నన్నెవరు అడిగారు?"

అడిగాను. ఎలా అడిగానో ఇక్కడ రాయను. మధ్యలో ఒకసారి బాతు అన్నానేమోనని అనుమానంగా ఉంది.

"ఆలోచించుకుని చెబుతాను," అని కొట్టులోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను మెట్టు మీద కూర్చున్నాను. జనెత్తో అటుగా పోతూ ఆగాడు.

"ఏం మేస్త్రీ, కొట్టు మూసేశారా?"

"ఆలోచిస్తున్నారు," అన్నాను.

"రంగులు అమ్మడానికి ఆలోచనెందుకు?" అని తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వెతికి చూశాను. ఎక్కడా లేదు.

తలుపు తెరుచుకుంది.

"ఆలోచించాను," అంది ఫౌస్తీనా. "ఇంకా అక్కడే కూర్చున్నావేం? లోపలికి రా, చారు చల్లారిపోతోంది."

రండి అనలేదు. రా అంది.